ఒకే కొట్టం, ఇరవై మూడేళ్ల తేడా: శ్రీలంక నుంచి ఒక కేస్ స్టడీ

ముందే ఒక మాట చెప్పాలి. ఇందులో కనిపించే అమ్మాయి ఒక్క మనిషి కాదు. ముగ్గురి కథల్లోంచి కలిపి, ఊరు, వయసు, ఇంటి వివరాలు మార్చి రాస్తున్నాను. కొట్టం సంగతి మాత్రం ఒకే ఇంటిది, అందులో నేనేమీ కలపలేదు. ఇంకోటి, ఇది ఆత్మహత్యల గురించిన కథ, చదివేటప్పుడు మీ సొంత బాధ ఏదైనా కదిలితే ఇక్కడే ఆపి ఎవరితోనైనా మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ఎక్కడికీ పోదు.

నేను సైకియాట్రిస్టుని, వరంగల్ వైపు పత్తి ఊళ్ల మధ్య పనిచేస్తాను. 1997-98లో పత్తి పోయి ఈ జిల్లాలో రైతులు వరసగా చనిపోయినప్పుడు నేనింకా ఎంబీబీఎస్ స్టూడెంట్‌ని, క్యాజువాలిటీలో ఆ పురుగుమందు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. అందుకే 2014లో ఆరు నెలలు శ్రీలంకలో పనిచేసే అవకాశం వస్తే వెంటనే ఒప్పుకున్నాను. మన తెలంగాణ కంటే తక్కువ జనాభా ఉన్న చిన్న దేశం, ఒకప్పుడు ఆత్మహత్యల్లో ప్రపంచంలోనే పైవరసలో ఉండి, ఇరవై ఏళ్లలో ఆ రేటును దాదాపు 70 శాతం తగ్గించుకుంది. ఎలా తగ్గించారో చూద్దామని వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఎలా తగ్గించారో నాకు ముందే తెలుసనుకుని వెళ్లాను. గొప్ప కౌన్సెలింగ్ వ్యవస్థ ఏదో ఉండి ఉంటుంది, దాన్ని నేర్చుకుని వచ్చి ఇక్కడ పెడదాం, అంతే ప్లాను.

కేసు

పనిచేసింది ఉత్తర మధ్య ప్రావిన్సులో, అనురాధపుర, పొలన్నరువ ఉన్న వైపు. ఎటు చూసినా చెరువులు, కింద వరి పొలాలు. చెరువుని వాళ్లు వెవ అంటారు. కాకతీయుల చెరువులు చూసి పెరిగినవాడికి పరాయి దేశంలా అనిపించదు. మాటలు కూడా అంతే, అమ్మ అంటే అమ్మే, అక్క అంటే అక్కే. కానీ అయ్యా అంటే అన్న. మొదటి వారంలో ఒక కుర్రాడు నన్ను అయ్యా అంటే ఎంత మర్యాదగా పిలిచాడో అని మురిసిపోయాను, అన్నా అన్నాడంతే.

వార్డులో ఆ అమ్మాయిని అందరూ నంగి అనేవాళ్లు, సింహళంలో చెల్లెలు అని. నేనూ అదే రాస్తాను. 23 ఏళ్లు, మూడేళ్ల పాప, భర్తకి కొంచెం వరి పొలం. మహిళా గ్రూపులో తీసుకున్న అప్పు, వారానికో కిస్తీ. ఈ గ్రూపు అప్పుల గురించి మన వాళ్లకి నేను వివరించక్కర్లేదు, 2010లో మన దగ్గర ఆర్డినెన్స్ తెచ్చే దాకా ఏం జరిగిందో ఊరూరికీ గుర్తే. నంగి కిస్తీ డబ్బు బియ్యం డబ్బాలో దాచింది, భర్త తీసి కసిప్పు తాగేశాడు. కసిప్పు అంటే మన గుడుంబా. సాయంత్రం గ్రూపు ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు, చుట్టుపక్కల వాళ్లు గోడల మీదుగా చూస్తున్నారు, లోపల భర్త నిద్రపోతున్నాడు. గ్రూపు వాళ్లు వెళ్లాక అత్తగారితో రెండు మాటలు, భర్తని లేపితే ఒక దెబ్బ. ఆ తర్వాత ఇరవై నిమిషాలు కూడా కాలేదు, నంగి ఇంటి వెనక కొట్టంలోకి వెళ్లింది.

అత్తగారే చూసింది. అరిచింది, ఎదురింటి అతని త్రీవీలర్‌లో ఊరి చిన్నాసుపత్రికి, అక్కడి నుంచి అంబులెన్సులో పెద్దాసుపత్రికి. ఎక్కడా రూపాయి అడగలేదు. లంకలో ప్రభుత్వ వైద్యం ఉచితం అని పేపర్లో చదవడం వేరు, బిల్లు గురించి ఎవరూ నోరెత్తకుండా రెండు చోట్ల వైద్యం జరగడం చూడటం వేరు. మూడో రోజుకి ప్రమాదం తప్పింది, అప్పుడు మమ్మల్ని పిలిచారు.

నేనూ, కమ్యూనిటీ సైకియాట్రీ నర్సు కలిసి చూశాం. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. పేషెంట్లు మిస్ అనేవాళ్లు, మేం అక్క అనేవాళ్లం. నా సింహళం అన్నం, నీళ్లు దాటలేదు కాబట్టి ఆవిడే నా నోరు. పరీక్షలో తేలింది ఇది: ఆ రోజు వరకు నిద్ర, తిండి, పని మామూలుగానే ఉన్నాయి. డిప్రెషన్ అని రాయడానికి సరిపడా లక్షణాల్లేవు. ఇంతకు ముందు ప్రయత్నం లేదు. ముందస్తు ప్లాను లేదు. ఎందుకిలా అని అడిగితే నంగి చాలాసేపు దుప్పటి కొసని వేలికి చుట్టుకుంటూ కూర్చుని, "అందరూ చూస్తున్నారు మిస్, ఎటన్నా పోదామనిపించింది, పోడానికి చోటు లేదు" అంది.

అక్క నాకు పక్కన ఒక మాట చెప్పింది, లజ్జా బయ. లజ్జ, భయం, రెండూ కలిసి ఒకే మాట. పదిమందిలో తలదించుకోవాల్సి వస్తుందన్న భయం. పిల్లల్ని పెంచడంలోనే ఇది నేర్పుతారట. మన దగ్గర "పరువు పోయింది, ఇంక బతికేం లాభం" అంటారు చూడండి, అదే.

నేను ఫైల్లో ప్రిస్క్రిప్షన్ రాయబోతే అక్క ఆపింది. "దొస్తర మహత్తయా, జబ్బు లేదన్నారు కదా, మరి మాత్ర దేనికి?" అంది. నా దగ్గర జవాబు లేదు. పేషెంటు వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలన్న అలవాటు, అంతకంటే ఏం లేదు.

కొట్టం

పదో రోజున ఇంటికి వెళ్లాం. నంగి అత్తగారు టీ పెట్టి, బెల్లం ముక్క చేతిలో పెట్టింది, అక్కడ చక్కెర కలపకుండా బెల్లం కొరుక్కుంటూ తాగుతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడే లేచి మమ్మల్ని వెనక కొట్టంలోకి తీసుకెళ్లింది. చిన్నది, రేకుల కప్పు, స్ప్రేయరు, పాత సంచులు, గోడకి ఒక చెక్క బల్ల. ఆ బల్ల మీదే సీసాలు పెట్టేది.

"మా మరిది కూడా ఇక్కడే" అంది.

1991లో. అతనికి 24 ఏళ్లు. తండ్రితో పొలం విషయంలో గొడవ, అదీ సాయంత్రమే, అదీ పెళ్లికొచ్చిన చుట్టాల ముందు. అదే కొట్టం, అదే బల్ల. అతన్ని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లారు, దారి మధ్యలోనే పోయాడు. ఆవిడకి ఒకటే ప్రశ్న, అది నన్నడగలేదు, అక్కనీ అడగలేదు, బల్ల వైపు చూస్తూ అంది: "వాడికేమో అంత ధైర్యమెందుకొచ్చింది, దీనికి ఎందుకు రాలేదు?"

ఆ మాటలో ఉన్న తప్పుని సరిదిద్దడం నా వృత్తి. కానీ ఆ నిమిషంలో నాకే తట్టింది, నేను కూడా ఇన్నేళ్లుగా ఇదే తప్పు చేస్తున్నాను. చనిపోయినవాడు గట్టిగా అనుకున్నాడనీ, బతికినవాడు ఊరికే బెదిరించాడనీ మన వార్డుల్లో ఎంతమంది అనరు? డ్యూటీ డాక్టర్లే అంటారు, "అటెన్షన్ కోసం" అని. ఇక్కడ ఇద్దరి గొడవా ఒకటే, సాయంత్రం ఒకటే, చూస్తున్న జనం ఒకటే, ఆలోచించిన టైము కూడా ఇంచుమించు అంతే. ధైర్యంలో తేడా ఏం లేదు. 1991లో ఆ బల్ల మీద ఉన్న పురుగుమందు, 2014లో ఆ బల్ల మీద లేదు.

ఎందుకు లేదంటే, ఒక ఆఫీసులో కొందరు కూర్చుని దాన్ని ఆపేశారు కాబట్టి.

ఆపినవాళ్లు

ఇది మన తెలుగు పాఠకులకి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లంక కథ అనగానే మనవాళ్లకి 2021 గుర్తొస్తుంది. రాత్రికి రాత్రి రసాయన ఎరువులు, మందులు అన్నీ నిషేధించి, ఆ ఏడాదే వెనక్కి తీసుకుని, వరి పంటని ముంచిన నిర్ణయం. నేను చెప్పేది అది కాదు. దానికీ దీనికీ పోలికే లేదు.

1950లో శ్రీలంకలో ఆత్మహత్యల రేటు లక్షకి 6.5. అక్కడి నుంచి పెరుగుతూ పెరుగుతూ 1995కి లక్షకి 47 అయింది. హరిత విప్లవం, దాంతో ఇంటింటికీ చేరిన పురుగుమందులు, ఇవి ఈ పెరుగుదలలో పెద్ద భాగం. గమనించండి, 1950 నాటి లంకేయులు ఏడు రెట్లు సంతోషంగా ఉండేవాళ్లని కాదు. కోపం వచ్చిన క్షణంలో చేతికందే దూరంలో ఏముంది అన్నది మారింది.

1980లో పురుగుమందుల నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద ఒక రిజిస్ట్రార్ ఆఫీసు, పేరాదెనియలో. ఏ మందు దేశంలోకి రావాలో, ఏది వద్దో చెప్పే సాంకేతిక కమిటీలో వ్యవసాయం వాళ్లతో పాటు ఆరోగ్య శాఖ వాళ్లు కూడా ఉండేవాళ్లు. నాకు మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే, చూడ్డానికి బోరు కొట్టేది కూడా ఇదే. ఒక బల్ల చుట్టూ పురుగు గురించి తెలిసినవాడూ మనిషి గురించి తెలిసినవాడూ కలిసి కూర్చోవడం. ఆసుపత్రుల నుంచి ఏ మందుతో ఎంతమంది చనిపోతున్నారో లెక్క వస్తుంది, ఆ లెక్క పట్టుకుని నిర్ణయాలు జరిగాయి. 1984లో పారాథయాన్, మిథైల్ పారాథయాన్ ఆపారు. 1995కి అత్యంత విషపూరితమైన మొదటి తరగతిలో మిగిలినవి కూడా పోయాయి. అవి పోగానే ఎండోసల్ఫాన్ కేసులు పెరిగాయి, దాన్ని 1998లో ఆపారు. 2008 నుంచి 2011 మధ్య ఇంకో మూడింటిని మెల్లగా ఉపసంహరించారు. ప్రతిసారీ లెక్క చూడటం, ఒకటి ఆపడం, రైతుకి వేరేది ఉందో లేదో చూసుకోవడం, మళ్లీ లెక్క. ముప్పై ఏళ్లు. దిగుబడి పడిపోయిందా అని కూడా వెతికారు, ఈ నిషేధాల వల్ల పడిన జాడ కనిపించలేదు.

ఫలితం ఏమిటంటే, 1986-95 పదేళ్లతో పోలిస్తే 1996-2005 పదేళ్లలో ఆత్మహత్యలు దాదాపు 19,800 తక్కువ. 1995 నుంచి 2015 వరకు మొత్తం 93,000 ప్రాణాలు నిలిచి ఉంటాయని తర్వాత వేసిన అంచనా. ఆ కాలమంతా ఏమన్నా ప్రశాంతంగా ఉందా అంటే, 2009 దాకా యుద్ధం నడిచింది, మధ్యలో 2004 సునామీ.

ఇక నన్ను తిప్పికొట్టిన విషయం. ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంఖ్య తగ్గలేదు. విషం తీసుకుని వార్డుకి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, కొన్నేళ్లు పెరిగారు కూడా. మనుషుల మనసులు బాగుపడకముందే చావులు తగ్గాయి. గొడవలు, తాగుడు, అప్పులు, పరువు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ తర్వాతి రోజు పొద్దున లేచి చూసేసరికి మనిషి ఉన్నాడు. నేను నేర్చుకుందామని వెళ్లిన ఆ గొప్ప కౌన్సెలింగ్ వ్యవస్థ చేసిన పని కాదిది. దాన్ని ఒప్పుకోవడానికి నాకు టైం పట్టింది, ఏళ్లుగా స్టేజీల మీద "కౌన్సెలింగ్ ఒక్కటే మార్గం" అని చెప్పినవాడిని కదా.

ఇక్కడ ఒక మాట మీద చిన్న గొడవ పెట్టుకోవాలని ఉంది. మన భాషలో డాక్టరిచ్చేదీ మందే, పొలానికి కొట్టేదీ మందే, సారా దుకాణంలో పోసేదీ మందే. సింహళంలో కూడా డాక్టరిచ్చేది బెహెత్, పొలానికి కొట్టేదీ బెహెతే. పేరులోనే మంచిది అన్నట్టు ఉన్న వస్తువుని ఇంట్లో తలుపు వెనక పెట్టుకోవడానికి ఎవరూ భయపడరు. ఇంకోటి, "ఆత్మహత్యకి పాల్పడ్డాడు" అంటాం. పాల్పడటం అనే మాట మనం ఇంకా దేనికి వాడతాం? దొంగతనానికి, మోసానికి, హత్యకి. లంక 1998లోనే ఆత్మహత్యాయత్నాన్ని నేరాల్లోంచి తీసేసింది. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అన్నారు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో, ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్‌కి చోటే లేదు. చట్టం వదిలేసింది, మన నోరు ఇంకా వదల్లేదు. క్యాజువాలిటీకి వచ్చే కుటుంబాలు ఇప్పటికీ ముందు "పోలీసు కేసు అవుతుందా సార్" అనే అడుగుతాయి. పొరపాటున తాగాడని అబద్ధం చెబుతాయి, ఆ అబద్ధంతో మా దాకా రాకుండానే డిశ్చార్జి అయిపోతారు.

తాళం పెట్టెలు

నేనున్నప్పుడు అక్కడ ఒక పెద్ద ట్రయల్ నడుస్తోంది. ఉత్తర మధ్య ప్రావిన్సులోనే 180 ఊళ్లు. సగం ఊళ్లలో ఇంటింటికీ పురుగుమందు దాచుకునే తాళం పెట్టె ఇచ్చారు. చూడగానే ఎంత మంచి ఆలోచన అనిపిస్తుందో! నేను ఫొటోలు తీసి ఇంటికి పంపాను, మనమూ ఇవే పెట్టిద్దాం, ఎవరైనా దాతలు దొరుకుతారు అని. అక్క ఏమీ అనలేదు. ఒక ఇంటికి తీసుకెళ్లి పెట్టె చూపించి, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగమంది. ఇంటి పెద్ద దగ్గర. ఈ ఊళ్లో ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఎవరు? తాగి గొడవపడే ఇంటి పెద్దే. అతనికి కాకపోతే అతని భార్యకి తాళంచెవి ఎక్కడ వేలాడుతుందో తెలుసు.

2017లో ఆ ట్రయల్ ఫలితం వచ్చింది, పెట్టెలున్న ఊళ్లకీ లేని ఊళ్లకీ తేడా దొరకలేదు. అంత కష్టపడి చేసి, పని చేయలేదని నిజాయితీగా అచ్చు వేసుకున్నవాళ్లంటే నాకు గౌరవం. కానీ పెట్టెలు పంచడం ఇప్పటికీ అందరికీ ఇష్టం. రిబ్బన్ కట్ చేయొచ్చు, ఫొటో దిగొచ్చు. నిషేధం ఉత్తర్వుకి ఫొటో ఏముంటుంది? కొట్టులో దొరకని సీసాని ఎవరు ఫొటో తీస్తారు?

తొమ్మిది గళ్లు

ఇప్పుడు మళ్లీ నంగి దగ్గరికి. సీసా మారింది కాబట్టి బతికింది, సరే. బతికి వెళ్లేది అదే వాకిట్లోకి, అదే కిస్తీకి, అదే భర్త దగ్గరికి. ఇక్కడ మా పని మొదలవుతుంది, ఈ పనిని నిషేధం చేయలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు ఐదు చోట్ల ఒక ట్రయల్ చేసింది, చెన్నై, కొలంబో, బ్రెజిల్లో కాంపినాస్, ఇరాన్‌లో కరజ్, చైనాలో యున్‌చెంగ్. ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతో పాటు, వెళ్లేముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో 9 సార్లు పలకరించడం, ఫోనులోనో ఇంటికెళ్లో. అంతే. ఖరీదైన మందు లేదు, ఏసీ గది లేదు. 18 నెలలకి చూస్తే మామూలు వైద్యం గుంపులో 18 మంది ఆత్మహత్యతో చనిపోయారు, పలకరించిన గుంపులో ఇద్దరు. 2008లో అచ్చయింది. మా యూనిట్ చేసేది దాని నకలే. ఫైలు వెనక అట్ట మీద 9 గళ్లు గీసి ఉంటాయి: 1, 2, 4, 7, 11 వారాలు, తర్వాత 4, 6, 12, 18 నెలలు.

మొదటి గడి నేనే పాడు చేశాను. వారం దాటగానే ఇచ్చిన నంబరుకి ఫోను చేయించాం, మగగొంతు ఎత్తి "బాగానే ఉంది" అని పెట్టేసింది. నేను టిక్ పెట్టాను. అక్క ఆ టిక్ చూసి, పెన్ను తీసుకుని కొట్టేసి, "మనం పలకరించింది ఎవర్ని?" అంది. ఫోను భర్తది. ఇంట్లో నంగికి ఫోను లేదు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఒక రూలు: ఆ మనిషి గొంతు వినకపోతే గడి నిండదు. ఇప్పుడు ఇక్కడ నా టీమ్‌కి కూడా మొదట చెప్పేది ఇదే. మన ఊళ్లలో కూడా ఆడవాళ్ల కేస్ షీట్లలో రాసి ఉన్న నంబర్లు ఎవరివో ఒకసారి చూడండి, భర్తది, మామది, లేదంటే రీచార్జి అయిపోయినది.

ఇంటికి నర్సు వెళ్తే ఊరంతా చెవులు కొరుక్కుంటారు. దానికి అక్క పట్టిన దారి మంత్రసాని. లంకలో ప్రభుత్వ మంత్రసాని ఉంటుంది, సైకిలు మీదో స్కూటీ మీదో ప్రతి ఇంటికీ తిరుగుతుంది, గర్భిణులు, చంటిపిల్లలు, బరువు తూచడం. ఆవిడ గడప తొక్కితే ఎవరూ ఎందుకని అడగరు. పాప బరువు చూసే నెపంతో ఆవిడ వెళ్లి, పాపని తూచి, తర్వాత బావి దగ్గర నంగితో పది నిమిషాలు. మిగతా గళ్లలో చాలావరకు ఆవిడే నింపింది. మన ఆశా కార్యకర్తని చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది, తేడా ఏంటంటే మన ఆశాకి మనం నెత్తిన పెట్టిన రిజిస్టర్లే పదో పన్నెండో ఉంటాయి.

మొదటి గంట మాటల్లో మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషంగా చెప్పించుకున్నాం. ఎక్కడ ఆగి ఉంటే వేరే దారి దొరికేదో తనే వెతుక్కునేలా అడిగాం. "మళ్లీ అలాంటి సాయంత్రం వస్తే పాదం ఎటు వేస్తావ్?" అని అక్క అడిగితే, చాలాసేపు ఆలోచించి "పక్కింటి ముసలమ్మ దగ్గరికి" అంది, ఆవిడకి సరిగా వినపడదు, ఏమీ అడగదు, వెళ్తే తమలపాకులు చేతికిచ్చి కూర్చోమంటుంది. నాకు నచ్చలేదు, చెవుడున్న మనిషి ఏం సాయం అనుకున్నాను. కాగితం మీద కౌన్సెలింగ్ క్లినిక్ నంబరు, కొలంబోలో 1974 నుంచి నడుస్తున్న ఆత్మహత్యల నివారణ సంస్థ సుమిత్రయో నంబరు రాసిచ్చాను. పనికొచ్చేవే, ఎందరికో పనికొచ్చాయి. కానీ ఫోనే లేని అమ్మాయికి రెండు ఫోను నంబర్లు రాసిచ్చిన తెలివి నాది.

భర్త విషయం సగమే తీరింది. రెండుసార్లు క్లినిక్‌కి వచ్చాడు, మూడోసారి రాలేదు. తాగుడు తగ్గించాడని అతను, తగ్గించలేదని తల్లి. కొట్టడం మాత్రం ఆగిందని నంగి చెప్పింది, మంత్రసాని కూడా రెండు మూడు సార్లు అదే రాసింది. అత్తగారు అతన్ని ఒకసారి కొట్టంలోకి తీసుకెళ్లి ఏదో చెప్పిందట, ఏం చెప్పిందో ఎవరికీ తెలీదు. అప్పు విషయంలో మేం ఏమీ చేయలేకపోయాం. అక్క గ్రూపు లీడరుతో మాట్లాడితే ఒక వారం వాయిదా ఇచ్చింది, ఒక్క వారం. సైకియాట్రీకి వడ్డీ తగ్గించే మందు లేదు. ఇలాంటి అప్పుల మీద 2021లో అదే పొలన్నరువ జిల్లాలో ఆడవాళ్లు రోడ్డు పక్కన కూర్చుని వారాల తరబడి సత్యాగ్రహం చేశారని పేపర్లో చూసినప్పుడు, ఆ గుంపు ఫొటోలో ఆ గ్రూపు లీడరు కూడా ఉందేమోనని వెతికాను.

నాలుగో నెల గడి. నేను అప్పటికే తిరిగొచ్చేశాను, అక్క ఫోనులో చదివి వినిపించింది. ఆ నెలలో ఒక మధ్యాహ్నం నంగికి మళ్లీ ఆ ఆలోచన వచ్చింది. కిస్తీ రోజే. కొట్టం వైపు చూసింది, పాపని చంకనేసుకుని పక్కింటికి వెళ్లింది, చీకటి పడే దాకా అక్కడే కూర్చుంది. ముసలమ్మ ఏమీ అడగలేదు. ఆ రాత్రి నంగి తనంతట తనే మంత్రసానికి కబురు పెట్టింది. వారం రోజులు అక్క రోజూ మాట్లాడింది, ఇంట్లో ఉన్న సీసాలన్నీ అత్తగారు మరోచోటికి చేర్చింది. ఆ తర్వాత గళ్లలో అలాంటి మాట మళ్లీ రాలేదు.

ఇక్కడికొచ్చాక నేను చేస్తున్నది చెప్పుకోదగ్గంత కాదు. పాతిక కేసులతో మొదలుపెట్టి ఇప్పుడు మా ఓపీలో ప్రతి ప్రయత్నం కేసు ఫైలు వెనకా గళ్లు గీస్తున్నాం, నాలుగో నెల దాటాక మనుషులు దొరకడం కష్టమవుతోంది, పత్తి ఏరడానికి కూలికి పోతారు, నంబర్లు మారిపోతాయి. సీసా లేబుల్ కేస్ షీట్లో రాయండని డ్యూటీ డాక్టర్లని బతిమాలుతున్నాను, "పురుగుల మందు" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఏ మందో రాయకపోతే లెక్క ఎక్కడి నుంచి వస్తుంది, లెక్క లేకపోతే ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు ఏం చూసి నిర్ణయిస్తారు? కేంద్రం 2018లో 18 పురుగుమందుల్ని నిషేధించింది, ఆరింటికి 2020 ఆఖరు దాకా టైమిచ్చి. దానికి కూడా ఎక్కడో ఎవరో లేబుళ్లు రాసే ఉంటారు.

నంగి ఫైలు స్కాన్ కాపీ నా దగ్గరుంది, పేరు ఊరు కొట్టేసి. 18వ నెల గడి నిండాక ప్రోటోకాల్ ప్రకారం కేసు మూసేయాలి. చివరి పేజీ మీద 9 గళ్ల పక్కన అక్క స్కేలు కూడా పెట్టకుండా పెన్నుతో ఇంకో గడి గీసింది, వంకరగా, పక్క గడి మీదకి కొంచెం ఎక్కింది. అందులో తేదీ ఏప్రిల్ 14, వాళ్ల కొత్త సంవత్సరం, దాని కింద సింహళంలో ఒక్క ముక్క. ఏమని రాశావని ఫోను చేసి అడిగితే, "కొక్కిస్ పంపింది, నూనె ఎక్కువైంది" అంది. కొక్కిస్ అంటే మన గులాబీ పూలు, ఇనప గుత్తి నూనెలో ముంచి చేస్తాం చూడండి, అవే.